పెట్రోలులో నీరు

ఒక వానకాలమున మేము హైదరాబాదు నుండి వరంగల్లు పోవుచు, దారిలో ఒక బంకున పెట్రోలు పోయించుకొంటిమి. పెంబర్తి దాటి జనగామ చేరువకు వచ్చుసరికి కారు నాలుగైదు కుదుపులిచ్చి నిలిచిపోయినది. మెకానిక్కు ట్యాంకు అడుగునున్న దానిని గాజుసీసాలోనికి పట్టి చూపెను. పైన పెట్రోలు, అడుగున నీరు!

నీరు పెట్రోలు కంటెను, డీజిలు కంటెను బరువైనది. కనుక అడుగునకు చేరును. బంకులలోని నిల్వ ట్యాంకులు భూమిలో పాతిపెట్టబడి యుండును. మూత బిగువు తప్పినను, గొట్టమునకు చిల్లిపడినను వాననీరు లోనికి దిగును. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచినది. 2024 సెప్టెంబరు మొదటి వానలకు మహబూబాబాదు జిల్లా కేసముద్రము చెంత రైలుకట్టయే కోసుకొనిపోయినది. అట్టి దినముల తరువాత ఇంధనమును పరికించి పోయించుకొనుట మన ప్రాంతమున ఎంతయు అవసరము.

నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. కొద్దిపాటి నీరైనచో కలిసిపోవును; మితిమీరినచో ఇథనాలు, నీరు ఒక్కటై పెట్రోలును విడిచి అడుగునకు దిగును. అంతట ఇంజను ఆగును. డీజిలు బండ్లలోనైతే నీరు ఇంజెక్టర్లను తుప్పు పట్టించును.

బంకులో మనము కోరదగిన పరీక్షలు కలవు. నాజిలు కొనను తుడిచి, వడపోత కాగితముపై ఒక్క చుక్క వేయింపుడు. మంచి పెట్రోలు రెండు నిమిషములలో ఆరిపోవును. జిడ్డు మరక నిలిచినచో కిరోసిను, డీజిలు వంటివి కలిసినవని అనుమానింపవలెను. రెండవది సాంద్రత పరీక్ష. 15 డిగ్రీల వేడిమికి సరిచూచిన సాంద్రతకును, సరకు వచ్చిననాటి లెక్కకును ఘనపు మీటరుకు 3 కిలోగ్రాములకు మించి తేడా యుండరాదు. కాగితము నీటిని పట్టి చూపలేదు. అందులకు గాజు జాడీలో కొంత పట్టించి, కదపక నిలిపి చూడవలెను.

ట్యాంకరు నుండి సరకు దింపుచున్నవేళ పోయించుకొనకుండుట మేలు. అడుగున పేరుకొన్న మడ్డి, నీరు పైకి లేచును. రసీదు తప్పక పుచ్చుకొనవలెను. పోయించుకొన్న వెంటనే ఇంజను తడబడినచో మరల మరల స్టార్టు చేయక, ట్యాంకును ఖాళీ చేయించి కడిగింపవలెను.

కాళేశ్వరముకడ గోదావరి, ప్రాణహితలు కలియుచోట మోటారు పడవ నడుపువారికి ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. రోడ్డుపై ఆగిన కారును పక్కకు నెట్టవచ్చును. నడియేట ఆగిన పడవ ప్రవాహము పాలగును. ఇంధనపు డబ్బా మూత బిగించి వానకు తడువకుండ ఉంచవలెను. నీటిని వేరుపరచు ఫిల్టరును అమర్చుకొనవలెను. ఒడ్డుననే ఇంజనును కొంతసేపు నడిపి చూచి, పిమ్మట బయలుదేరవలెను.

పరీక్ష అడిగినచో బంకువారు నొచ్చుకొందురేమోనని మనవారు మొగమాటపడుదురు. మంచి సరకు అమ్మువానికి పరీక్షవలన నష్టము లేదు. ఆనాడు మేము రెండు నిమిషములు మొగమాటపడినందుకు, ఒక దినమంతయు జనగామలో మెకానిక్కు కొట్టు ముందు కూర్చుండవలసి వచ్చినది.