హక్కుల పోరాటం ఆరేళ్లలోపే మొదలవ్వాలి



దర్గా కొండ చెంత, విశాఖ రేవును ఆనుకుని ఉన్న పాత నగరంలో బొగ్గు ధూళి మనకు కొత్త కాదు. కలుషిత గాలిలోని అతిసూక్ష్మ కణాలు రక్తంలోకి చేరగలవనీ, పిల్లల మెదడు ఎదుగుదలకు సైతం హాని చేయవచ్చనీ పరిశోధనలు సూచిస్తున్నాయి.

మన పిల్లలు చదువులో వెనుకబడితే 'వాళ్ల తెలివే అంత' అనే మాట వింటున్నాం. నాడీశాస్త్రం చెప్పేది వేరు. ఐదేళ్లు నిండేసరికి పిల్లల మెదడు పెద్దల మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుతుంది. ఆ కాలంలో అందే ఆహారం, గాలి, నిద్ర, ఆప్యాయమైన పలకరింపు దానిని తీర్చిదిద్దుతాయి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన దీనికి సాక్ష్యం. అక్కడి అనాథాశ్రమాల నుంచి రెండేళ్లలోపే పెంపుడు కుటుంబాలకు చేరిన పసివారు, ఆలస్యంగా చేరినవారి కంటే మెరుగ్గా కోలుకున్నారు. పరిస్థితులు సకాలంలో మారితే ఎదుగుదల కూడా మారుతుంది.

అయితే ఈ శాస్త్రాన్ని పేద తల్లులను నిందించడానికో, బిడ్డలపై 'మందబుద్ధులు' అనే ముద్ర వేయడానికో వాడటం అన్యాయం. ప్రశ్నించవలసింది పరిస్థితులను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల వయసు నుంచే హామీ ఇస్తుంది. ఆరేళ్లలోపు బాలల సంరక్షణకు, విద్యకు ప్రభుత్వం కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణం నిర్దేశిస్తుంది. కనుక కళాశాల సీట్లలో రిజర్వేషన్లు కోరినంత గట్టిగా అంగన్‌వాడీనీ, ఉర్దూ తెలిసిన కార్యకర్తనూ, స్వచ్ఛమైన గాలినీ కోరుదాం. ప్రతి మొహల్లాలో ఆరేళ్లలోపు పిల్లల జాబితా రాసుకొని, అంగన్‌వాడీలో పేరు లేనివారిని చేర్పించడంతో ఈ పని మొదలుపెడదాం.