చేతికి తెలిసిన చరిత్ర

తీరిక వేళలలో ఏమి చేయుదురని అడిగినచో మన ఇండ్లలో సామాన్యముగా వచ్చు జవాబులు కొన్ని కలవు. తపాలా బిళ్లలు సేకరించుట ఒకటి, పూలమొక్కలు పెంచుట మరియొకటి. రేడియో వినుట కూడ ఆ వరుసలో చేరునని మా ఆశ. ఈ పూట మేము శ్రోతల ముందుంచదలచినది వీటికి కొంత దూరమైన వ్యాపకము. నాలుగైదు వందల యేండ్లనాటి పనివారు ఒక వస్తువును ఏ పనిముట్లతో, ఏ క్రమమున చేసిరో, అదే విధమున మన చేతులతో మరల చేసి చూచుటయే ఆ వ్యాపకము.

ఇతర దేశములలో ఇది చాలకాలముగా నడచుచున్నది. అమెరికాలోని బర్క్లీ నగరమున 1966లో కొందరు మిత్రులు ఒక సంఘముగా కూడి మధ్యయుగపు ఐరోపా జీవితమును, అందలి చేతిపనులను సాధన చేయనారంభించిరి. లోహపుపని, నాణెముల అచ్చు, మద్యము కాచుట వారి అభిమాన విద్యలలో చేరినవి. ఫ్రాన్సు దేశమున గెదెలాన్ అనుచోట 13వ శతాబ్దపు పద్ధతులతోనే ఒక కోటను కట్టుటకు 1997లో పూనుకొనిరి. అయితే వారికిని మనకును ఒక భేదమున్నది. వారు చేజారిన విద్యలను గ్రంథములలోను ప్రదర్శనశాలలలోను వెదకుకొనవలసి వచ్చినది. మన తిరుపతి, చిత్తూరు సీమలో అట్టి విద్యలు కొన్ని ఇంకను మనుష్యుల చేతులలో సజీవముగా ఉన్నవి. గురువు పక్క ఊరిలో ఉండగా పుస్తకములతో పనియేమి?

మొదట లోహపుపనిని తీసికొందము. తిరుమల ఆలయమున కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన రాగి ప్రతిమలను చూడని యాత్రికుడు అరుదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు మనకు దక్కినది కూడ రాగిరేకులమీదనే. ఒక్కొక్క అక్షరమును ఉలితో చెక్కిన ఆ పనివాని ఓర్పు లేకున్నచో నేడు మన రేడియోలో ఆ పాటలు ఎక్కడివి? విగ్రహములను పోతపోయు విధానమును 12వ శతాబ్దమున చాళుక్యరాజైన సోమేశ్వరుడు మానసోల్లాసమున వర్ణించినాడు. ముందు తేనెమైనమును గుగ్గిలముతో కలిపి మూర్తిని మలచుదురు. దానిపై మెత్తని వండ్రుమట్టి పూతలు పెట్టి, ఆరిన పిమ్మట కాల్చుదురు. మైనము కరగి కారిపోవును. మిగిలిన ఖాళీలో కరగిన లోహమును పోయుదురు. చల్లారిన పిమ్మట మట్టిని పగులగొట్టుదురు. కనుక ఒక అచ్చునుండి ఒకే మూర్తి వచ్చును. మైనమును ముందుగా తూచి, దానికి ఇంచుమించు ఎనిమిది తొమ్మిది రెట్లు లోహమును సిద్ధము చేసికొనుట పనివారి లెక్క.

ఇందులో మైనపు పని ఇంటిలో నిరపాయముగా చేయదగినది. పిల్లలు కూడ ఒక ప్రమిదనో, ఒక చిన్న ఏనుగునో మలచవచ్చును. లోహము పోయుట మాత్రము ఇంటిపని కాదు. తడి మిగిలిన అచ్చులో కరగిన లోహము పడినచో అది చిమ్మి మనిషిని కాల్చును. ఆ పనికి అనుభవముగల స్థపతుల కార్ఖానాకే పోవలెను. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1960లో తిరుపతిలో స్థాపించిన శిల్పశిక్షణ సంస్థలో లోహశిల్పము, శిలాశిల్పము, కొయ్యపని, కలంకారీ మొదలైనవి బోధించుచున్నారు. ఈ విద్యకు మన సీమలోనే బడి కలదని తెలియుట ఒక ధైర్యము.

ఇక నాణెములు. కృష్ణదేవరాయలు 1514లో శ్రీవారికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేసినట్లు తిరుమల శాసనము చెప్పుచున్నది. వినుటకు ఆ సంఖ్య ఘనముగా ఉన్నది. కాని వాటిలో ప్రతిదియు ఒక మనిషి సుత్తిదెబ్బతో పుట్టినదే అని తలచినచో అది మరింత ఘనముగా తోచును. ఆనాటి వరాహ సుమారు 3.4 గ్రాముల తూకము. వ్రేలిగోరంత బిళ్లపై ఒకవైపు వెన్నముద్ద పట్టిన బాలకృష్ణుని, రెండవవైపు నాగరి లిపిలో రాయల పేరును ఇమిడ్చిరి. ఇంత చిన్న చోట అచ్చును తిరగవేసి చెక్కవలెను. కుడి ఎడమగును, గుంట మిట్టయగును. ఈ సంగతి చదివిన కంటె చేసినప్పుడే బోధపడును. మెత్తని కొయ్యపైననో సున్నపు ముద్దపైననో మీ పేరును తిరగవేసి చెక్కి, తడిమట్టి బిళ్లపై అదిమి చూడుడు. మొదటి ప్రయత్నమున ఒక అక్షరము అంచు దాటిపోవుట తథ్యము. పాత నాణెములలో సగము తెగిన అక్షరములు ఏల కనబడునో అప్పుడు తెలియును. ఒక హెచ్చరిక కూడ అవసరము. చెలామణిలోని నాణెములకు నకలు తీయుట నేరము. పొలము దున్నునప్పుడు నిజమైన పాత నాణెములు దొరకినచో, వాటి విలువ పది రూపాయలు మించిన పక్షమున, 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. ఆ నాణెములను కరగించుట చరిత్రను కరగించుటయే.

మద్యము కాచు విద్య విషయమున మన జిల్లా చరిత్ర వేరు. రాజాజీ మంత్రివర్గము మద్రాసు రాష్ట్రమున మద్యనిషేధమును 1937లో సేలము జిల్లాలో ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. నేడును ఇంటిలో సారా కాచుట చట్టవిరుద్ధము. కాని పులియబెట్టు విద్యకు ఇక్కడ మరియొక ఉత్తమమైన రూపము కలదు. అది శ్రీకాళహస్తి కలంకారీ పనివారి కుండ. తుప్పుపట్టిన ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి, మట్టికుండలో రెండు మూడు వారములు పులియనిత్తురు. బెల్లములోని తీపి మొదట మద్యముగను, పిదప పులుపుగను మారును. ఆ పులుపు ఇనుమును కరగించును. దీనిని కసిమి అందురు. వడకట్టినచో చూచుటకు అది ఏమంత నలుపు కాదు.

నలుపు పుట్టునది బట్టమీద. ముందుగా ముతక నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టుదురు. కరక్కాయ వగరు ఇనుమును తాకగానే గీత నల్లబడును. పాలలోని జిడ్డు ఆ గీతను ప్రాకనీయదు. వెదురుపుల్ల మొనకు ఉన్నియో గుడ్డయో చుట్టి, దారముతో బిగించినదే కలము. చుట్టిన చోటును వ్రేళ్లతో నొక్కినకొలది రంగు దిగును. ఎఱుపు కావలసిన చోట పటికనీటిని పూసి, పారునీటిలో జాడించి, మంజిష్ఠవంటి చెక్కలతోను వేళ్లతోను కాచుదురు. పసుపుపచ్చకు కరకపువ్వు, నీలమునకు నీలిమందు. స్వర్ణముఖి ఒడ్డున ఈ విద్య నిలుచుటకు ఆ పారునీరు ఒక కారణము.

మేము ఒకప్పుడు ధ్వనిగ్రహణ యంత్రముతో ఒక చిత్రకారుని పక్కన కూర్చుంటిమి. సుత్తిదెబ్బవలె కలము పలుకదు. ఒక గంటసేపు యంత్రమునకు దొరికినది ఊపిరి చప్పుడు మాత్రమే. రేడియోకు అందని పనులలో ఇది ఒకటని అనుకొంటిమి. దీనిని చూడవలెను, అంతకంటె, చేయవలెను.

గత శతాబ్దము నడుమకు ఈ విద్య చేతులు మిక్కిలి తగ్గిపోయినవి. కమలాదేవి చటోపాధ్యాయగారి పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసినది. ఆ ఊరి జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారిని 2008లో పద్మశ్రీ వరించినది. అయినను గండము తొలగలేదు. మునుపటి శత్రువు మరపు, ఇప్పటి శత్రువు నకలు. యంత్రముపై అచ్చువేసిన బట్టకు కలంకారీయని పేరుపెట్టి అంగడిలో అమ్ముచున్నారు. చేతిపనికి పట్టిన దినములెన్నో కొనువారికి తెలియదు. కనుక ధర ఒక్కటే చూతురు.

ఈ వ్యాపకము వలన అసలు ప్రయోజనము ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయము. మన ఇంటిలో తయారైన మైనపు ఏనుగు వంకరగానే ఉండవచ్చును. మన కలపుగీత వణకవచ్చును. ఆ లోపములవలన నష్టము లేదు. ఒక్కసారి కసిమి కుండ పెట్టి, ఒక్క జేబురుమాలుపై ఒక్క నెమలిని గీచిన ఇల్లాలు అంగడిలో మోసపోదు. గీత సన్నబడు చోటు, రంగు నిండిన చోటు ఆమె కన్ను పట్టుకొనును. బేరమాడుటకు ఆమె నోరు రాదు. పనివానికి న్యాయమైన ధర లభించినచో అతని కుమారుడు అదే కలమును పట్టును.

కావున ఈ సెలవులలో ఒక దినము చంద్రగిరి రాజమహలులోని పురావస్తు ప్రదర్శనశాలకు, మరియొక దినము శ్రీకాళహస్తికి పిల్లలను తీసికొనిపొండు. పనివానివద్ద ఊరక కూర్చుని కాలము గడపక, అతని దినభత్యము చెల్లించి పాఠము చెప్పించుకొనుడు. తిరిగివచ్చిన సాయంకాలము ఒక కుండలో ఇనుపముక్కలు, బెల్లము వేసి, నీరు పోసి మూతపెట్టుడు. మూడువారముల పిమ్మట ఆ కుండయే మీకు మిగిలిన పాఠము చెప్పును.