పిలుపు వచ్చేలోగా



మా అమ్మాయి టెక్కలిలో నర్సు. ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా విదేశం వెళ్తానని దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలైంది. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతోంది. ఇరుగుపొరుగులేమో, "ఏటమ్మా, ఇంకా పిలుపు రాలేదేటి? ఎవరికైనా ఏభై వేలు ఇచ్చి చూడండి" అంటున్నారు.

అక్కడే మనం జాగ్రత్తపడాలి. 1970లో ఏర్పాటైన ఈ వాలంటీర్ల కార్యక్రమం దరఖాస్తుకు పైసా తీసుకోదు. ఇది జీతం ఉద్యోగం కాదు. అక్కడ బతకడానికి భత్యం ఇస్తారు. పేరు నమోదు చేసుకున్నంతలో పిలుపు వచ్చేయదు. ఏదో ఒక దేశంలో అలాంటి మనిషి అవసరం పడాలి, పోటీలో ఎంపిక కావాలి.

నా బెంగ నాది. "ఉద్దానంలో ఇంతమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతుంటే, అంత దూరం ఎందుకే?" అన్నాను.

"2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన జీడి, కొబ్బరి తోటలు కూలినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఆదుకోలేదా అమ్మా?" అంది. నాకు నోరు పెగల్లేదు.

కానీ నా మాటా మరిచిపోలేదు. సెలవు దొరికితే పలాస దాటి పల్లెలకు వెళ్లి, డయాలసిస్ రోగులకు నీళ్లెన్ని తాగాలో, ఏం తినాలో చెప్పి వస్తోంది. పిలుపు వస్తే పంపిస్తాను. రాకపోయినా, దాని సేవ మొదలైపోయింది కదండీ!