తలుపు ఒకటి మూతపడిన ల్యాప్‌టాపు



గ్రంథములనుగూర్చియు కవులనుగూర్చియు పెద్దలు ప్రసంగించిన సభలో ఒక యంత్రమునుగూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేటి విద్యార్థికి పలకయు, పుస్తకమును, తపాలాపెట్టెయు ల్యాప్‌టాపే అయి యున్నది. భీమవరములో 1980లో ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల వెలసినది మొదలు చుట్టుపట్ల గ్రామముల బిడ్డలు సాంకేతిక విద్యకు దూరదేశములు పోవలసిన అగత్యము తగ్గినది. వారిలో కలవారి బిడ్డలు కొత్త యంత్రములు కొందురు. లేనివారి బిడ్డలు ఎవరో వాడి విడిచిన యంత్రముతో చదువు సాగింతురు. ఈ ప్రసంగము ఈ రెండవ తెగవారికై ఉద్దేశింపబడినది.

పాత ల్యాప్‌టాపునకు సాధారణముగా వచ్చు కష్టము ఇట్టిది. లోపలి ఆపరేటింగ్ సిస్టం చెడిపోవును, లేదా కాలము చెల్లిపోవును. కొత్తది ఎక్కింపవలెనన్నచో డిస్కు పెట్టు అర పనిచేయదు. ఆ అరలో డిస్కుమీది అక్షరములను చదువునది సన్నని లేజరు కిరణము. ఆ కిరణము వెలువడు చిన్న కటకముమీద దుమ్ము పట్టినను, డిస్కును త్రిప్పు భాగములు అరిగినను అర మూగబోవును. అంతట ఇంటివారు, "డిస్కు పట్టని యంత్రమునకు కొత్త ప్రాణ మెట్లు వచ్చును? పాతసామానులవానికి ఇచ్చివేయుడు" అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు తప్పు. మూతపడినది ఒక్క తలుపే. ఇల్లు కూలలేదు.

హనుమంతుడు లంకలో ప్రవేశించినప్పుడు ద్వారముగుండ పోలేదనియు, ప్రాకారమును లంఘించి లోపలికి దిగెననియు వాల్మీకి సుందరకాండలో చెప్పినాడు. కార్యార్థికి ద్వారము ముఖ్యము కాదు, ప్రవేశము ముఖ్యము. ఈ యంత్రవిషయమునను అదియే న్యాయము.

ముందుగా ఆపరేటింగ్ సిస్టం అనగా నేమో తెలిసికొనవలెను. డెల్టా రైతునకు దీనిని వివరించుట సులభము. కాలువలో నీరున్నంతమాత్రాన చేలు పండవు. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ చేనికి ఎంత వంతో చూచు లస్కరు ఉండవలెను. ల్యాప్‌టాపులో లెక్కకట్టు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, తెర, మీటల పలక అన్నియు ఉన్నను వానికి వంతులు నిర్ణయించి పని చేయించు ప్రోగ్రాము ఒకటి కావలెను. అదియే ఆపరేటింగ్ సిస్టం. విండోస్, లినక్స్ అనునవి అట్టివి.

అయితే యంత్రము మేల్కొనినతోడనే ఆ లస్కరు ఎక్కడ నున్నాడో వెదకి పిలుచువా డెవడు? అందుకై యంత్రపు పలకమీద ఒక చిప్పులో చిన్న ప్రోగ్రాము శాశ్వతముగా వ్రాయబడి యుండును. పాత యంత్రములలో దానిని బయాస్ అనియు, తరువాతి వానిలో యు.ఇ.ఎఫ్.ఐ. అనియు పిలుతురు. మీట నొక్కగానే అది లేచి, తన జాబితాలోని వరుస ప్రకారము ఒక్కొక్కచోట వెదకును. దానికి కావలసినది సరియైన రీతిలో వ్రాసిన ప్రతి. ఆ ప్రతి డిస్కుమీద నున్నను, పెన్‌డ్రైవులో నున్నను దానికి ఒకటే. మర్మమంతయు ఇంతలోనే కలదు.

ద్వారములు మారుట కొత్త సంగతి కాదు. తొలుత ఫ్లాపీలనుండి యంత్రములను మేల్కొలిపెడివారు. 1995లో ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలు కాంపాక్ట్ డిస్కునుండి మేల్కొలుపుటకు నియమములు ఏర్పరచినవి. 1996లో యు.ఎస్.బి. తొలి ప్రమాణము వెలువడెను. 2008లో ఆపిల్ సంస్థ డిస్కు అరయే లేని పలుచని ల్యాప్‌టాపును విపణిలో పెట్టినప్పుడు లోకము ఆశ్చర్యపడెను. తరువాత వచ్చిన ల్యాప్‌టాపులలో అర లేకుండుటయే సామాన్యమైనది. ఇంకొక విశేషము: సామాన్యమైన డి.వి.డి. 4.7 జి.బి. మాత్రమే పట్టును. విండోస్ 11 స్థాపన ప్రతి 5 జి.బి.కి మించినది. కావున అర బాగుగా పనిచేయుచున్నను ఆ ప్రతి అట్టి ఒక్క డిస్కులో ఇముడదు. చెడిన అరకై దుఃఖించువారు ఈ లెక్క చూచుకొని ఊరడిల్లవచ్చును.

గ్రంథాలయోద్యమ చరిత్ర ఎరిగినవారికి ఈ నీతి ముందే తెలిసినది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టాలో కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపిరి. పాఠకుడు పుస్తకమును వెదకికొని రాలేనిచోట పుస్తకమే పడవనెక్కి పాఠకుని రేవునకు వచ్చెను. పెన్‌డ్రైవు అట్టి పడవయే.

ఈ విషయము ఇప్పుడు అవసరమగుటకు మరియొక కారణము కలదు. 2015లో వెలువడిన విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసెను. ప్రత్యేకమైన పొడిగింపు పొందనివారికి ఆ తేదీనుండి భద్రతా సవరణలు రావు. విండోస్ 11నకు మారుదమన్నచో అది టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పును, నిర్ణీత తరముల ప్రాసెసరును కోరును. పాత యంత్రములు పెక్కింటికి ఈ అర్హత లేదు. శరీరము గట్టిగానే యున్నది, ఉద్యోగము మాత్రము పోయినదన్నట్లు అవి మూలపడుచున్నవి. అట్టి యంత్రమొకటి దాత యొకరు గ్రంథాలయమునకు ఇచ్చిరనుకొందము. దానిని బాగుచేయు క్రమము ఇది.

మొదటి పని పాత వ్రాతలను కాపాడుట. ఇది అన్నింటికంటె ముఖ్యము. ఆ యంత్రములో రొయ్యల చెరువుల మేత లెక్కలు, పట్టాదారు పుస్తకముల నకళ్లు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు ఉండవచ్చును. యంత్రము పదివేలకో పదిహేనువేలకో మరల దొరకును, ఆ ఛాయాచిత్రము దొరకదు. అన్నింటిని వేరొక హార్డ్ డిస్కులోనికి ఎత్తి, అక్కడ తెరచి చూచి, సరిగా నున్నవని నిశ్చయించుకొనిన పిమ్మటనే ముందుకు పోవలెను. విండోస్‌లో బిట్‌లాకర్ అను తాళము వేసి యున్నచో దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముమీద వ్రాసి దాచుకొనవలెను. మేల్కొలుపు అమరికలు మార్చినచో యంత్రము ఆ సంఖ్య నడుగవచ్చును.

రెండవది ప్రతిని సంపాదించుట. ఉచితముగా పంచుకొనదగిన లినక్స్ కుటుంబములో 1993లో ఆరంభమైన డెబియన్, 2004లో వెలువడిన ఉబుంటు ప్రసిద్ధములు. ప్రతిని దాని స్వంత అధికార స్థలమునుండియే దింపుకొనవలెను. యంత్రము 64 బిట్లదో 32 బిట్లదో ముందు చూడవలెను. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల పాత పి.సి.లకు స్థాపన ప్రతి లేదు. ప్రతితోపాటు ఎస్.హెచ్.ఏ. 256 అను 64 వర్ణముల ముద్ర ప్రకటింపబడియుండును. దింపుకొన్న ప్రతినుండి అట్టి ముద్రను తీసి రెండును పోల్చి చూడవలెను. చిట్టాకును ఆవర్జాకును మొత్తములు కలిసినప్పుడే లెక్క నిజమైనట్లు, ఈ ముద్రలు కలిసినప్పుడే ప్రతి నిర్దుష్టము. ఒక్క అక్షరము తేడా వచ్చినను దానిని విడిచి మరల దింపుకొనవలెను. ఇక విండోస్‌నే మరల ఎక్కింపగోరువారికి మైక్రోసాఫ్టువారే సాధనము నిచ్చుచున్నారు. తాళము పగులగొట్టిన దొంగ ప్రతులు చట్టవిరుద్ధములు, పైగా వానిలో ఏ విషక్రిమి దాగియున్నదో ఎవరును చెప్పజాలరు.

మూడవది ప్రతిని పెన్‌డ్రైవుమీద వ్రాయుట. 8 జి.బి. పెన్‌డ్రైవు సాధారణముగా చాలును. దానిలోని పూర్వపు వ్రాత లన్నియు చెరిగిపోవునని మరువరాదు. ఇక్కడనే పెక్కుమంది పొరబడుదురు. దింపుకొన్న ఐ.ఎస్.ఓ. ప్రతిని పాటలను ఛాయాచిత్రములను ఎక్కించినట్లు ఊరక పెన్‌డ్రైవులో పడవేసి, యంత్రము మేల్కొనలేదని వాపోవుదురు. అచ్చుకాగితముల కట్టను మూటగట్టి అలమారులో పెట్టినంతమాత్రాన అది పుస్తకము కాదు. కుట్టి, అట్ట వేసి, పుటలు వరుసగా నుంచినప్పుడే చదువరికి పనికివచ్చును. అట్లే ఐ.ఎస్.ఓ. ప్రతిని రూఫస్, బలేనా ఎచర్ వంటి సాధనముతో విప్పి వ్రాయవలెను. ఈ సాధనములు ఉచితములే. ఇందుకు పనిచేయు కంప్యూటరు మరియొకటి కావలెను గాన, గ్రంథాలయములో అట్టిది ఒకటి యుండుట ఊరికి మేలు.

నాలుగవది మేల్కొలుపు. ల్యాప్‌టాపును తప్పక చార్జరునకు కలిపి యుంచవలెను. పాత బ్యాటరీని నమ్మరాదు, నడుమ యంత్రము ఆరినచో పని సగములో చెడును. పెన్‌డ్రైవు పెట్టి, మీట నొక్కిన మరుక్షణమే జాబితా తెరచు మీటను పలుమార్లు తట్టవలెను. డెల్, లెనోవో యంత్రములు పెక్కింటిలో అది ఎఫ్ 12, హెచ్.పి. వానిలో ఎఫ్ 9, ఆసుస్ వానిలో ఎస్కేప్ మీట. జాబితాలో పెన్‌డ్రైవు పేరు కనబడినచో దాని నెన్నుకొనవలెను. కనబడనిచో లోపలి అమరికలలోనికి పోయి యు.ఎస్.బి.నుండి మేల్కొనుటకు అనుమతి కలదో లేదో చూడవలెను. పాత బయాసునకు ఒక రీతిగను, యు.ఇ.ఎఫ్.ఐ.కి మరియొక రీతిగను ప్రతి వ్రాయబడవచ్చును. రెండును పొసగనప్పుడు పెన్‌డ్రైవును తగిన రీతిలో తిరిగి వ్రాయవలెను.

ఐదవది పరీక్ష. లైవ్ అను పద్ధతి గల ప్రతులు హార్డ్ డిస్కును ముట్టకయే పెన్‌డ్రైవునుండి నడచును. తెర, మీటలు, ధ్వని, వైఫై సరిగా నున్నవో లేవో చూచుకొని, నచ్చినపుడే స్థాపనకు పూనుకొనవచ్చును. పెండ్లికి ముందు పిల్లను చూచుకొనుట వంటి దిది.

ఆరవది స్థాపన. అపాయము పొంచియున్నది ఇక్కడనే. హార్డ్ డిస్కులోని భాగములు గ్రామములోని సర్వే నంబర్లవంటివి. ఒక్కొక్కదానికి హద్దులు కలవు, అనుభవదారు కలడు. పటము చూడక గట్టు వేయువాడు పొరుగువాని చేనిలోనికి పోవును. "డిస్కు నంతటిని చెరిపివేయుము" అను మాటను ఎన్నుకొన్నచో పాత విండోస్‌తోపాటు దానిలోని వ్రాత లన్నియు పోవును. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచదలచినవారు వేరు మార్గము నెన్నుకొనవలెను. తెరమీద పెన్‌డ్రైవు, హార్డ్ డిస్కు రెండును కనబడును. పరిమాణమును బట్టి వానిని గుర్తింపవలెను: 16 జి.బి. యున్నది పెన్‌డ్రైవు, 500 జి.బి. యున్నది హార్డ్ డిస్కు. అంగీకార మిచ్చు మీట నొక్కకముందు రెండవ మనిషిని పిలిచి చదివించుట మంచిది. దస్తావేజుకు సాక్షి యెందుకో దీనికిని అందుకే. పని ముగిసిన పిదప పెన్‌డ్రైవు తీసివేసి యంత్రమును మరల మేల్కొలిపినచో కొత్త వ్యవస్థ స్వయముగా లేచును.

యు.ఎస్.బి.నుండి మేల్కొనుట యెరుగని మిక్కిలి పాత యంత్రములకును దారి కలదు. హార్డ్ డిస్కును ఊడదీసి మరియొక యంత్రములో పెట్టి స్థాపించి తిరిగి తేవచ్చును. నెట్‌వర్కు తీగద్వారా మేల్కొలుపు పి.ఎక్స్.ఇ. అను పద్ధతియు కలదు, అది నేర్పరుల పని.

తెలుగువారు సంతోషింపదగిన మాట యొకటి మిగిలినది. డెబియన్ స్థాపన సమయముననే భాషల జాబితాలో తెలుగును ఎన్నుకొనవచ్చును. హైదరాబాదులో 2005లో ఆరంభమైన స్వేచ్ఛ ఉద్యమమువారు తెలుగు తెరతో లినక్స్ వ్యవస్థను రూపొందించిరి. డెబియన్ భాండారములోని తెలుగు అక్షరరూపములలో ఒకదానికి పోతన పేరును, మరియొకదానికి వేమన పేరును పెట్టబడినవి. ఈ మహాకవుల పేర్లు యంత్రములోనికి వెళ్లుట పరభాషాభిమానము వలన జరుగలేదు. తెలుగు నెరిగినవారు, ప్రతిఫల మాశింపక, రాత్రులు మేల్కొని పదములు తెనిగించినందున జరిగినది.

ఇట్టి వ్యవస్థలను చదువుటకు, సవరించుటకు, పంచుటకు హక్కు నిచ్చు ఉద్యమమును 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ బీజమును వెలువరించెను. ఒక ప్రతిని నూరుగురికి ఇచ్చినను తరగని సొత్తును ఉంచదగిన చోటు గ్రంథాలయమును మించినది లేదు. అలమారులో భాగవతము ప్రక్కన రెండు పెన్‌డ్రైవులు, వానిపై ప్రతి పేరును వ్రాసిన తేదీయు గల చీటీలు, ఎరువు పుస్తకములో వానికొక వరుస, నెల కొకనాడు ఇంజనీరింగు చదువు బిడ్డలు వచ్చి పాత యంత్రములు చూచి పెట్టుట — ఇంతకంటె పెద్ద ఏర్పా టక్కరలేదు. దీనికి పట్టు ఖర్చు ఒక పత్రిక సంవత్సర చందాకు మించదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపులు తెరచుచు వచ్చినది. పేదవాని యంత్రమునకు ఒక తలుపు మూతపడినప్పుడు రెండవ తలుపు చూపుట కూడ దాని ధర్మములోనిదే. పాతసామానుల త్రాసు నెక్కబోవు ఒక్క ల్యాప్‌టాపు ఆగి ఒక్క బిడ్డ చదువు సాగినను ఈ రజతోత్సవము సార్థకము.

స్వస్తి.