బీలను బంజరన్నారు

(ఎర్రగుంట్లలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎర్రగుంట్లలో నిలబడి థర్మల్ కేంద్రం అంటే ఏందో చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. కలమల్ల దగ్గర ఆర్టీపీపీ 1994 నుంచి కరెంటు తీస్తోంది. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600ది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ కూచున్నవాళ్లలో చాలామంది ఇళ్లకు జీతమో, కాంట్రాక్టు పనో అక్కడినుంచే వస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీలన్నీ మూసేయమని చెప్పడానికి నేను రాలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పుట్టిన ఒక చిన్న సంఘం ఏం చేసిందో చెప్పి పోతాను. దాని పేరు పర్యావరణ పరిరక్షణ సంఘం.

మనకు చెరువు తెలుసు, కుంట తెలుసు, వంక తెలుసు. బీల తెలీదు. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లపు నేల అది. వానాకాలం చెరువులాగా నిండుతుంది, ఎండాకాలం పశువులు మేస్తాయి. అందులో చేపలు పట్టుకుని బతికేవాళ్లున్నారు. ఆ నీళ్లతో కింద వరి పండించుకునేవాళ్లున్నారు. చుట్టూ ఉద్దానం కొబ్బరితోటలు. పెన్నలో ఇసుక తోడి చెలమ నీళ్లు తాగిన మనకు అట్లాంటి నేల విలువ వేరే చెప్పాల్నా?

2008 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 తెచ్చింది. ఆ బీలలో దాదాపు 972 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి. 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం కోసం. అంటే మన ఆర్టీపీపీకి ఒకటిన్నర రెట్ల పైమాటే. పర్యావరణ అనుమతి కోసం పెట్టిన కాగితాల్లో ఆ నేలను ఎందుకూ కొరగాని బంజరు కింద చూపించారు. గొడవంతా ఈ ఒక్క మాట దగ్గరే మొదలైంది.

సంఘానికి ముందు నిలబడింది ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ వై. కృష్ణమూర్తి, బీన ఢిల్లీరావు వంటి స్థానికులు. పార్టీ కాదు, జెండా కాదు. రైతులు, మత్స్యకారులు. సామాన్యంగా రైతుకు, మత్స్యకారునికి ఒకే సంఘంలో కుదరదంటారు. బీల వాళ్లను కలిపింది. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. అయినా డిసెంబరులో ఢిల్లీ నుంచి అనుమతి వచ్చేసింది. అదే నెలలో వీళ్లు రిలే నిరాహార దీక్షల శిబిరం వేశారు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల. మనం ధర్నా చేస్తాం, బంద్ చేస్తాం, రాస్తారోకో చేస్తాం, మర్నాడు పేపర్లో ఫొటో చూసుకుని ఇంటికి పోతాం. వాళ్లు శిబిరంలో దినం దినం కూచున్నారు, ఇంకోపక్క కాగితాలు పట్టుకున్నారు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ వంటివాళ్లు తోడు నిలిచారు. పర్యావరణ అనుమతి మీద ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు అప్పీలు వేశారు. అప్పటికి గ్రీన్ ట్రిబ్యునల్ ఇంకా పుట్టలేదు. బంజరు అన్న మాటకు వీళ్ల జవాబు చాలా సులువైంది: వచ్చి చూడండి. బీల నీళ్లు తోడడానికి ఎత్తిపోతల పథకాలున్నాయి. తోడుకునేందుకు నీళ్లున్న నేల బంజరెట్లా అవుతుంది? అథారిటీ తరఫున వచ్చి చూసినాయన కూడా అది చిత్తడి నేలేనన్నాడు.

2010 జూలై 14న పని మొదలుపెట్టడానికి కంపెనీ పోలీసు బలగాలతో దిగింది. ఊళ్లకు ఊళ్లు బీలలోకి నడిచాయి, ఆడవాళ్లు ముందు. లాఠీలు, గ్యాసు, ఆపైన తుపాకులు. పల్లె జనం ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒక్కరోజు ఓపిక పట్టి ఉంటే ఆ మనుషులు ఇంకా ఉండేవాళ్లు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం కోసం 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్చారు. ఏడాది కూడా తిరగలేదు.

తీర్పు వచ్చింది కదా అని సోంపేటలో శిబిరం ఎత్తేయలేదు. అనుమతి పోయింది గానీ, భూమి ఇచ్చిన జీవో 1107 అప్పటికి ఇంకా బతికే ఉండింది. అది ఉన్నంతకాలం ఇంకో కంపెనీ ఇంకో పేరుతో రావచ్చని వాళ్లకు తెలుసు. ఏళ్ల తరబడి కూచున్నారు. కేంద్రం మాత్రం అక్కడ కట్టలేదు. కంపెనీ నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వైపు పోయింది. పొగగొట్టం ఊరు మారిందని నవ్వుకోవచ్చు. ఆ నవ్వు నెల్లూరోళ్లకు రాదు.

ఇప్పుడు మన తుమ్మలపల్లికి వస్తాం. వేముల మండలంలో యురేనియం గనికి 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం భయాలు చెప్పుకున్నారు. 2007 నవంబరులో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. శంకుస్థాపన చేసిన ముఖ్యమంత్రి పక్కనున్న పులివెందుల ఎమ్మెల్యేనే. అధికారం మనవాళ్ల చేతికొస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాల. తర్వాత కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి ఎండిపోతోందని రైతులు మొత్తుకున్నారు. వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర సంగతి శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు 2018లోనే కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. 2019లో మండలి యురేనియం కార్పొరేషన్‌కు నోటీసు ఇచ్చింది. చెరువు నిండినాక అడుగు గురించి అడిగినట్టైంది.

రెండు చోట్లా జనం వద్దనే అన్నారు, రెండు చోట్లా ప్రభుత్వం వినలేదు. తేడా ఆ తర్వాతి రోజుల్లో ఉంది. సోంపేటలో కాగితంలోని అబద్ధాన్ని పట్టుకుని, దాని వెంటపడే సంఘం ఒకటి ముందే నిలబడింది. ఇక్కడ రైతు తన తోట ఎండినాక ఒక్కడే బాటిల్లో నీళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ఉద్యోగులకు ఒక మాట. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాల. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాల. కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో ఎవరైనా పోయి చూడొచ్చు. ఆ ఆఫీసుల్లో పనిచేసేది మీరే, మీ తోటివాళ్లే. ఆ కాగితం వచ్చిన రోజే ఊరికి తెలియజేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విద్యార్థులు దాన్ని రచ్చబండ దగ్గర గట్టిగా చదివి వినిపించగలరు. ఆ సారాంశంలో మన వంక పేరుందా, మన బోర్ల లెక్క ఉందా, మన బీడును ఏమని రాశారు - ఇవి ఊరోళ్లు చెప్పగలరు. ఈ పనికి ఎర్రగుంట్ల నుంచి ఎవరెవరు వస్తారో ఈ సాయంత్రమే పేర్లు రాసుకుందాం. కాగితం, పెన్ను ఇక్కడే ఉన్నాయి.