మన ఆటకు మన పేరు

(షాబాద్ మండలంలోని ఒక తండా కళాబృందానికి ప్రచార ప్రణాళికను వివరిస్తూ విద్యార్థి బృందం చేసిన ప్రసంగ పాఠం)

 

మేము మీ పిల్లలమే. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ తండాల నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకి పోతున్నాం. చదువులో భాగంగా ఏదో ఒక సంస్థకు ప్రచార ప్రణాళిక తయారు చేయమన్నారు. మా తోటివాళ్లు కంపెనీలను ఎంచుకుంటే, మేము మన కళాబృందాన్ని ఎంచుకున్నాం.

పోయిన నెల మీకు ఒక పోస్టర్ చూపించాం. అద్దాల కాంచళి, ఫేటియా వేసుకున్న ఒక యాడి ఫొటో, కింద 'లంబాడీ నృత్యం' అని రాశాం. అది చూసి ఆ యాడే అడిగింది: "బొమ్మ నాదే గదా, మరి పేరేది?" మేము తలలు దించుకున్నాం.

పెద్దమనుషులు వస్తే స్వాగతం చెప్పడానికి మనల్ని పిలుస్తారు. గంటలు ఎండలో నిలబెడతారు. భోజనం ప్యాకెట్ ఇచ్చి పంపిస్తారు. మర్నాడు పేపర్లో 'గిరిజన మహిళల నృత్యం' అని వస్తుంది. ఏ తండా, ఎవరు పాడారు అన్నది ఉండదు. మేమూ అదే తప్పు చేశాం.

పేరుంటే ఏమవుతుందో చూడండి. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు ఆ ఊరి పేరుతోనే జీఐ గుర్తింపు ఉంది. 2023లో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శనకు గిన్నిస్ రికార్డు వచ్చింది. మన రాష్ట్రంలో మర్లవాయి కనకరాజు గారు గుస్సాడీకి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఇద్దరూ కన్నుమూశారు. వాళ్ల పేర్లు మిగిలాయి.

అందుకే ప్రణాళిక మళ్లీ రాశాం. అందులో నాలుగు మాటలున్నాయి.

ఒకటి, ప్రతి పోస్టర్ మీద, వీడియోలో తండా పేరు, బృందం పేరు, పాడినవారి పేరు ఉండాలి.

రెండు, అడగకుండా ఫొటో తీయం. తీజ్‌లో తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచడం ఆడపిల్లల మొక్కు. ఏది బయటికి చూపాలో, ఏది తండాలోనే ఉండాలో మీరే చెప్పాలి.

మూడు, పిలిచేవాళ్లకు ఇవ్వడానికి ఒక కాగితం తయారు చేశాం. ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఆడతారు, బండి ఖర్చెంత, మనిషికి కూలి ఎంత, ముందుగా ఎంత ఇవ్వాలి అన్న వరుసలున్నాయి. అంకెలు మీరు వేయండి.

నాలుగు, మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పాట పెద్దల గొంతులోనే ఉంది. ప్రతి ఆదివారం ఒక పాటను ఫోన్లో రికార్డు చేసి, తెలుగు అక్షరాల్లో రాసి, అర్థం చేరుస్తాం. ఆ రికార్డులు బృందం దగ్గరే ఉంటాయి.

లైకులు ఎన్ని వచ్చాయని మేము లెక్కపెట్టం. ఏడాది తర్వాత మూడే చూస్తాం: ఎన్ని పిలుపులకు కూలి అందింది, పేపర్లో ఎన్నిసార్లు మన పేరు సరిగా వచ్చింది, ఎంతమంది పిల్లలు కొత్తగా పాట నేర్చుకున్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ పనికి పెద్ద కెమెరాలు అక్కర్లేదు. మీ ఇంట్లో నానమ్మ పాడుతుంటే పక్కన కూర్చుని, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

కొత్త పోస్టర్ ఇదిగో. ఫొటో కింద పేరు రాసే చోటు ఖాళీగా ఉంచాం. యాడి సరేనంటే ఆమె ముందే రాస్తాం. వద్దంటే ఫొటో తీసేస్తాం.

సెలవు.