క్లచ్చి మార్చిన పిమ్మట వచ్చు చప్పుడు

క్లచ్చి అరిగిపోవుట మన ప్రాంతమున వింత కాదు. ఏలూరునుండి కైకలూరు పోవు రోడ్డుపైకి కొల్లేటి వరదనీరు వచ్చిన దినములలోను, చేపల చెరువుల గట్లమీద బురదలోను, బండి నడుపువాడు క్లచ్చిని సగము నొక్కి సగము విడిచి బండిని ముందునకు లాగించును. ఆ సగము పట్టులో లోపలి బిళ్ల జారి, రాపిడిచే వేడెక్కి మాడును. తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల మార్కెట్టునకు బరువుతో వచ్చిపోవు బండ్ల గతియు నంతే. కావున క్లచ్చి మార్చుట అందరకును తప్పని ఖర్చు. క్రొత్తది వేయించిన పిమ్మట బండిలో ఇదివరకు లేని చప్పుడో వణకో పుట్టినచో నేమి చేయవలెనో, దానిని గూర్చి నేడు మనవి చేసెదను.

నాకొక అంబాసిడరు కారు కలదు. 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోయినను నేను దానిని విడువలేదు. తాడేపల్లిగూడెమున ఒక షెడ్డులో దానికి క్లచ్చి మార్పించి ఏలూరునకు బయలుదేరితిని. భీమడోలు చేరులోపలనే, వేగము గంటకు 50 కిలోమీటర్లు దాటినప్పుడెల్ల కాళ్లక్రింది రేకంతయు వణకసాగెను. మరునాడు వెనుకకు పోయి, పాత బిళ్లనే తుడిచి పెట్టితివని ఆ మేస్త్రీని నలుగురి యెదుట అంటిని. అతడు మారు పలుకక, గేరుపెట్టెను మరల దింపుటకు పానా చేతబట్టెను. అది ఒక దినము పని. కూలి యెవరిదను తగవు వేరు.

అక్కడ కూర్చున్న ఆకివీటి లారీ డ్రైవరొకడు, వయసు మళ్లినవాడు, "బాబుగారూ, క్లచ్చి తొక్కితే ఆ వణుకు ఆగుతోందా, ఆగటం లేదా?" అని యడిగెను. నేను చెప్పలేకపోతిని. అంతవరకు నేనది గమనించనే లేదు.

ఆ ప్రశ్నలో నెంత సంగతి యున్నదో క్లచ్చి పని తెలిసినగాని బోధపడదు. ఇంజనుతోపాటు ఎల్లప్పుడు తిరుగు బరువైన చక్రమొకటి కలదు. దానిని ఫ్లైవీలందురు. దానికి బిగించిన ప్రెషరుప్లేటు స్ప్రింగుల బలముచే నడిమి బిళ్లను ఫ్లైవీలునకు అదిమి పట్టును. బిళ్ల తిరిగిన గేరుపెట్టెలోని ఇరుసు తిరుగును. పెడలు నొక్కగానే రిలీజు బేరింగు వచ్చి స్ప్రింగులను నెట్టును, పట్టు వదలును, బిళ్ల విడివడును. అనగా పెడలు నొక్కినప్పుడు కొన్ని భాగములు పనిలోనికి వచ్చును, కొన్ని విశ్రమించును. చప్పుడు ఏ భాగముతో వచ్చి ఏ భాగముతో పోవుచున్నదో చూచినచో దొంగ దొరకును.

బండిని సమమైన నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టి, న్యూట్రలులో ఇంజను నడుపవలెను. పెడలు నొక్కినప్పుడు కీచుమనియో గరగరమనియో మ్రోగి, విడువగనే ఆగినచో, ముందుగా రిలీజు బేరింగును శంకింపవలెను. విడిచినప్పుడు మ్రోగి, పూర్తిగా నొక్కగనే ఆగినచో, గేరుపెట్టె ముందరి బేరింగు కావచ్చును. ఇందొక మెలిక యున్నది. పెడలుపై పాదము తేలికగా ఆనించినంతనే చప్పుడు నిలిచినయెడల, అది గేరుపెట్టెది కాదు; రిలీజు బేరింగో, దానిని నెట్టు ఫోర్కో వదులుగా ఆడుచుండవచ్చును. తొందరపడి గేరుపెట్టె విప్పించి డబ్బు పోగొట్టుకొనువారు తరచుగా ఇక్కడనే పొరబడుదురు.

నొక్కినను విడిచినను మారక, ఇంజను వేగముతో పెరుగు వణకు వేరు జాతిది. ఫ్లైవీలును ప్రెషరుప్లేటును పెడలుతో నిమిత్తము లేక తిరుగుచునే యుండును గనుక, అవి సరిగా కూర్చబడకున్న అట్లు వణకును. అయినను మొట్టమొదట చూడవలసినది ఇంజనునకు, గేరుపెట్టెకు క్రిందనుండు రబ్బరు దిమ్మలు. గేరుపెట్టె దింపునప్పుడు విప్పినవానిని మరల బిగించుట మరచుట కలదు.

బండి కదలునప్పుడు మాత్రమే గుంజాటపు కోడెవలె ఎగిరెగిరి పడినచో, బిళ్లకు నూనెయో గ్రీజో అంటినదని గాని, ఫ్లైవీలు ముఖము సమముగా లేదని గాని తలపవలెను. వరదనీటిలో దిగిన బండి బిళ్ల తడిసినను కొంతసేపట్లే చేయును.

ఇక నా వణకు. ముసలి డ్రైవరు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నిర్మానుష్యమైన రోడ్డుమీద వణకు వచ్చు వేగమునకు బండిని తెచ్చి, క్లచ్చి నొక్కి, న్యూట్రలు చేసెను. ఇంజను నెమ్మదించెను, వణకు మాత్రము తగ్గలేదు. బండి వేగము తగ్గినకొలది అదియు తగ్గెను. అనగా క్లచ్చితోగాని ఇంజనుతోగాని దానికి సంబంధము లేదు. గేరుపెట్టెకు వెనుక నున్నది. చక్రములు ముందెన్నడు అట్లు వణకలేదు. క్లచ్చి మార్చుటకై విప్పిన ప్రొపెల్లరు షాఫ్టు మిగిలినది.

షెడ్డునకు చేరి, బండిని దిమ్మలపై నిలిపి (జాకీని మాత్రమే నమ్మి ఎవరును క్రిందకు దూరరాదు), మేస్త్రీ క్రిందకు పోయి చూచెను. వెనుక ఇరుసునకు షాఫ్టును పట్టియుంచు నాలుగు బోల్టులలో రెండు వదులైయుండెను. మరికొంత దూరము పోయినచో షాఫ్టు ఊడి రోడ్డుపై పడియుండును. విప్పకముందు రెండు అంచులమీదను గీతపెట్టి, మరల ఆ గీతలు కలియునట్లు బిగించుట ఈ పనిలో పద్ధతి. అదియు చేయలేదని ఆతడే యొప్పుకొనెను. షాఫ్టును త్రిప్పి కూర్చి, నాలుగు బోల్టులను బిగించెను. అరగంటలో వణకు పోయెను.

బోల్టులు మరచినది ఆతడే. కాని బిళ్ల క్రొత్తదే. నే నన్న మాటను ఆ నలుగురి యెదుటనే వెనుకకు తీసికొంటిని. ఆనాటి కూలి ఆతడడుగలేదు.